అయ్యగారి మూతికి చిక్కం

రండి, దగ్గరకు జరగండి. గోడకు ఆనుకున్న అక్కలూ, మీరు కూడా ముందుకు రండి, చాప ఖాళీగానే ఉంది. చంటిపిల్లలుంటే ఒళ్లో పెట్టుకోండి. ఏడిస్తే ఏడవనివ్వండి, ఇది ఏడవాల్సిన కథే. దేవుడిచ్చిన ఈ గొంతు నిలిచినంతసేపు చెబుతాను, మీరు ఊ కొడుతూ ఉండండి. ఒక్క సంగతి మాత్రం ముందే అడుగుతున్నాను. మధ్యలో "ఇది ఫలానా వాళ్ల గురించేనా" అని పక్కవాళ్ల చెవి కొరక్కండి. ఇది ఎద్దు కథ, నక్క కథ. అంతకంటే ఎక్కువగా ఒక మేక కథ.

ఎర్రమట్టి కొండవాలు ఒకటుంది. పైన రాళ్లు, కింద జొన్నచేలు, మధ్యలో తాటాకు కప్పిన మందిరం. చుట్టుపక్కల గొర్రెలు, మేకలు, కోళ్లు, రెండు గాడిదలు, అందరూ ఆ మందిరం సంఘస్థులే. ఆ సంఘానికి కాపరి దైవాధీనం అనే ఎద్దు. అయ్యగారు అంటే ఆయనే. మందిరానికి వేరే గంట లేదు, అయ్యగారి మెడలో గంటే మందిరం గంట. ఆదివారం పొద్దున్నే ఆయన మందిరం చుట్టూ మూడుసార్లు తిరిగితే, ఆ చప్పుడుకే అందరూ ముఖాలు కడుక్కుని బయల్దేరేవారు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింట్లో ఎవరు పోయినా, గుమ్మంలో ముందుగా వినపడేది ఆ గంటే.

మందిరం వెనక చిన్న పాక. అందులో అయ్యగారి భార్య సారమ్మగారు, తెల్లావు. రెండేళ్ల కిందట ఆవిడకు ముందుకాళ్లు పట్టు తప్పాయి. లేవాలంటే అయ్యగారు తల వంచి, ఆవిడ పక్కటెముకల కింద నుదురు ఆనించి, మెల్లగా ఎత్తాలి. పాకలో నేల మెత్తన, కప్పు గట్టిది, జల్లు లోపలికి రాదు. ఆవిడ ఇంకా బతికుందంటే ఆ పాక వల్లే. ఈ పాకను మనసులో పెట్టుకోండి.

ఆ సంఘంలో ఒక వాడుక ఉండేది. మన ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు అయ్యగారికని పిడికెడు తీసి పక్కన పెడతారు చూడండి, అలాంటిదే. అక్కడ ఎవరు మేతకు దిగినా మొదటి నోటి గడ్డి తినరు, తీసి పక్కన పెడతారు. కోళ్లయితే నాలుగు గింజలు. లేయమ్మ అనే మేక ఇల్లిల్లూ తిరిగి అదంతా పోగుచేసి, సాయంత్రానికి పాక గుమ్మంలో పెట్టేది. సంఘం సెక్రటరీ సొలొమోను గారు ఏమిచ్చేవారని అడుగుతారేమో. ఆయన ప్రార్థన ఇచ్చేవారు.

సొలొమోను గారంటే నక్క. మాంసం మానేశానని కన్నీళ్లతో సాక్ష్యం చెప్పి సంఘంలో చేరాడు. చక్కగా మాట్లాడతాడు, కాగితం రాయడం వచ్చు. మిగతావాళ్లకు గిట్టలు. అందుకని సెక్రటరీ అయ్యాడు.

లేయమ్మ రోజూ గడ్డి దించినప్పుడు అయ్యగారు తల వంచి ఒకే మాట అనేవారు. "ఇది జీతం కాదమ్మా లేయమ్మా, కానుక. నేను జీతగాణ్ణి కాను. జీతానికొచ్చినవాడు ఆపదొస్తే తన దారి చూసుకుంటాడు. నేను చూసుకోను." ఆ మాటకు లేయమ్మ గుండె నిండిపోయేది. ఇంటికెళ్లి పిల్లలకు చెప్పేది. మందిరంలో కూడా అయ్యగారు ఆ మాట చెబితే అందరూ ఆమెన్ అనేవారు. నక్క మిగతావాళ్లకంటే గట్టిగా అనేవాడు.

కానీ ఆ గడ్డి ఎలా మొదలైందో లేయమ్మకు తెలుసు. పంతొమ్మిదేళ్ల కిందట కాపరి లేడని సంఘం అల్లాడుతుంటే, పెద్దలు కొందరు కిందికి దిగి, చేలో నాగలికి కట్టి ఉన్న దైవాధీనాన్ని బతిమాలారు. పాక మాది, రోజూ ఇంటికో నోటి గడ్డి మాది, మీరు గంట మోగించి మమ్మల్ని కాచుకోండి, మీరు పోయేదాకా మా పూచీ అన్నారు. ఆ పెద్దలందరూ కాలం చేశారు. అప్పుడు వాళ్ల వెంట వెళ్లినవాళ్లలో మిగిలింది లేయమ్మ ఒక్కతే.

సరే, గొడవ ఎక్కడ మొదలైందో చెబుతాను. సండే స్కూలుకి వచ్చే కోడిపిల్లలు తగ్గాయి. ఒక వారం తొమ్మిది, పై వారం ఏడు. బుల్లెమ్మ అనే పెట్ట ఏడ్చి ఏడ్చి ఊరుకుంది, గద్ద ఎత్తుకుపోయిందనుకుంది. అయ్యగారు ఆదివారం వాక్యం ముగించాక, ఎవరి పేరూ ఎత్తకుండా, "తల్లులారా, పొద్దుగూకే వేళ పిల్లల్ని లెక్కపెట్టుకోండి. గద్ద గాలిలోనుంచి వస్తుంది. మందిరం వెనక పొదల్లో ఈకలు నేలమీదే ఉన్నాయి" అన్నారు.

అంతే. సొలొమోను గారు ఆ రోజు ఆమెన్ అనలేదు.

ఆ పై బుధవారం అవతలి లోయలో ముసలి గాడిద ఒకటి పోతే, భూస్థాపనకని అయ్యగారు వెళ్లారు. ఆయన వచ్చేసరికి కమిటీ కూర్చుని లేచిపోయింది. కమిటీలో నక్క మాటకు ఎదురుచెప్పేవాళ్లు లేరు, పొట్టేళ్లు రెండు, పుంజు ఒకటి. మోదుగాకే కాగితంగా రాసిన ఉత్తర్వు పాక గుమ్మంలో ఉంది. అయ్యగారి గొంతు తగ్గిందట. ప్రార్థన మధ్యలో నెమరు వేస్తున్నారట. కావున సంఘం ఆయన సేవను చాలించుకుంటున్నదట. వచ్చే ఆదివారానికి పాక ఖాళీ చెయ్యాలట.

అయ్యగారు దాన్ని రెండుసార్లు చదివి సారమ్మగారికి వినిపించలేదు.

లేయమ్మకు తెలిసి ఒళ్లు మండిపోయింది. ఇల్లిల్లూ తిరిగింది. గొర్రెలు అన్యాయమన్నాయి, గొంతు తగ్గించి అన్నాయి. గాడిద, మనకెందుకులే అంది. చివరకు లేయమ్మే అయ్యగారి దగ్గరికొచ్చి, మడుగు దగ్గర ఏనుగు న్యాయాధిపతి ఉన్నారు, అక్కడికి పోదామంది. ఆ అడవిలో ఒక చట్టం ఉంది. పనికి పెట్టుకున్నవాణ్ణి, వాడి తప్పు వాడి ముఖాన చెప్పకుండా, వాడి మాట వినకుండా వెళ్లగొట్టకూడదు. ఎద్దయినా సరే, గాడిదైనా సరే.

విశ్వాసులు వీధికెక్కడం అయ్యగారికి ఇష్టం లేదు. "మనలో మనం తేల్చుకోవాలమ్మా" అన్నారు.

"ఎవరితో తేల్చుకుంటారు అయ్యగారూ? కాగితం రాసిందీ వాడే, చదివేదీ వాడే. అమ్మగారిని ఎక్కడ పడుకోబెడతారు, చెప్పండి."

అయ్యగారు పాకలోకి చూశారు. ఆ చూపే జవాబు. మరునాడు ఫిర్యాదు వెళ్లింది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. విచారణకు ముందురోజు మధ్యాహ్నం నక్క లేయమ్మ ఇంటికొచ్చాడు. తోక ముడుచుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

"వందనాలు లేయమ్మక్కా."

"వందనాలు. లోపలికి రమ్మనను సెక్రటరీగారూ, పిల్లలున్నారు."

నక్క నవ్వాడు. "నీ నోరు నాకిష్టమక్కా. నీతో అబద్ధం చెప్పించడానికి రాలేదు. అబద్ధం పాపం. నిజమే చెప్పు, చాలు. ఇన్నేళ్లు రోజూ గడ్డి మోశావు. దేవుడికని మోశావా, కూలి ఇస్తున్నానని మోశావా?"

"అదేం మాట. దేవుడికనే మోశాను."

"అది చెప్పు. కూలి అన్నావనుకో, నువ్వు మోసిందంతా కూలి లెక్కలోకి పోతుంది. పైన నీ పేరున ఏమీ ఉండదు. ఆలోచించు." వెళ్లబోతూ ఆగాడు. "అన్నట్టు, స్త్రీల సమాజానికి పెద్ద ఎవరూ లేరు. నీ పేరే రాద్దామనుకుంటున్నాం."

లేయమ్మ చెవులు కొద్దిగా నిలబడ్డాయి. పొరపాటున కాదు. నేను దాచను, ఆవిడ తర్వాత నలుగురి ముందు ఒప్పుకుంది కూడా.

మడుగు ఒడ్డున పొద్దున్నే విచారణ. ఏనుగు నీళ్లలో మోకాలిదాకా దిగి నిలబడి వింటుంది, తల చల్లగా ఉండాలని. సంఘమంతా ఒడ్డున చేరింది. నక్క ముందుకొచ్చి వంగి దణ్ణం పెట్టాడు.

తీసేసిన మాట నిజమే అన్నాడు. అయితే పనివాడి చట్టం పనివాడికే కదా అన్నాడు. ఈయన మా పనివాడు కాడు, దేవుడి పనివాడు, పిలిచిందీ దేవుడే, పెట్టిందీ దేవుడే, మేము మధ్యలో ఎంతటివాళ్లం అన్నాడు. అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

ఏనుగు చెవులు ఊపింది. "యజమాని దేవుడంటావు. ఆయనకు నేను నోటీసు పంపలేను కదయ్యా."

"అదే నా మనవి" అన్నాడు నక్క.

ఏనుగు అయ్యగారి వైపు తిరిగింది. దానికి ఆయనంటే గౌరవం. తొండం పైకెత్తి నెమ్మదిగా అంది, "దైవాధీనం, ఒక్క మాట చెప్పు. నేను వీళ్ల జీతగాణ్ణి అను. పనికి పెట్టుకున్నారు, గడ్డి ఇచ్చారు అను. ఆ మాట నీ నోట వస్తే నీ పాక నీకుంటుంది. మిగతాది నేను చూసుకుంటాను."

అందరూ ఆయన వైపే చూశారు. ఒక్క మాట. పట్టుమని పది అక్షరాలు లేవు. అయ్యగారి దవడ కదిలింది, ఆగింది. ఆయన చూపు కొండవాలు మీద పాక కప్పు దాకా వెళ్లి వచ్చింది.

"అనలేనయ్యా" అన్నారు. "జీతగాణ్ణి కానని పంతొమ్మిదేళ్లు వీళ్లకు చెప్పాను. ఈ రోజు పాక కోసం ఆ మాట తిప్పితే, నేను చెప్పినవన్నీ పాక కోసం చెప్పినట్టే అవుతుంది. వీళ్లు ఇంక దేన్ని నమ్ముకుంటారు?"

నక్క తల వంచి, ఆమెన్ అన్నాడు.

ఏనుగు సాక్షిని పిలిచింది. "ఆయన అనకపోతే పోనీ. గడ్డి మోసింది నువ్వేనటగా. నువ్వు చెప్పు తల్లీ. ఆ గడ్డి ఆయన చేసిన పనికి ఇచ్చిందేనా?"

లేయమ్మ నాలుక చివరకు రెండు నిజాలొచ్చాయి. ఒకటి, దేవుడికని పెట్టాను. రెండోది, మేమే కిందికి దిగి పిలిచాం, పాక ఇస్తామన్నాం, గడ్డి ఇస్తామన్నాం, పోయేదాకా పూచీ అన్నాం. రెండూ నిజాలే. రెండూ చెప్పి ఉంటే సరిపోయేది.

"దేవుడికి పెట్టానయ్యా" అంది.

అన్నప్పుడు ఒళ్లు పులకరించింది, మందిరంలో సాక్ష్యం చెప్పినట్టే. ఆ పులకరింత చల్లారకముందే నక్క మీసాలు నాకుతూ కనపడ్డాడు.

"ఇంకేమైనా చెప్పాలా?" అని ఏనుగు అడిగింది. అడగలేదని ఎవరూ అనకండి, అడిగింది.

లేయమ్మ వెనక్కి చూసింది. గొర్రెలు నేల చూపులు చూస్తున్నాయి. బుల్లెమ్మ రెక్క కింద తల దూర్చుకుంది.

"ఏం లేదయ్యా" అంది లేయమ్మ.

ఏనుగు తీర్పు చెప్పింది. పనికి పెట్టుకున్నామని పెట్టినవాళ్లు అనడం లేదు, పనివాణ్ణని చేసినవాడు అనడం లేదు, కూలి ఇచ్చామని ఇచ్చినవాళ్లు అనడం లేదు. ఇక ఇది మందిరం లోపలి సంగతి. "నా కాళ్లు చూశారుగా" అంది చివర్లో. "ఈ కాళ్లతో మీ మందిరంలోకి వస్తే కప్పు కూలుతుంది. ఈ రోజు న్యాయానికి వచ్చాననుకుంటారు, రేపు నాలాంటిది ఇంకొకటి అన్యాయానికి వస్తుంది. నేను రాను. లోపల ఏం జరిగినా మీరూ మీ దేవుడూ చూసుకోండి."

అది తప్పని నేను చెప్పలేను. ఒప్పని చెప్పడానికీ నోరు రాదు.

తిరిగొచ్చే దారిలో లేయమ్మ నక్కకు అడ్డం నిలబడింది. "అయ్యగారిని పెట్టింది మీరు కాదన్నారుగా. పెట్టనివాళ్లు ఎలా తీసేస్తారు?"

"సంఘం తీసేసిందక్కా. సంఘానికి ఆ హక్కుంది."

"అక్కడ లేదన్నారు."

"అక్కడి మాట అక్కడ" అన్నాడు నక్క. "ఆదివారానికి పాక. మర్చిపోకు, నువ్విప్పుడు సమాజం పెద్దవి, దగ్గరుండి ఖాళీ చేయించు."

ఆదివారం పొద్దున్నే తుంపర మొదలైంది. సారమ్మగారిని అయ్యగారు నుదుటితో ఎత్తి నిలబెట్టారు. నాలుగడుగులకు ఆవిడ కూర్చుండిపోయింది. మళ్లీ ఎత్తారు. పుంజు వచ్చి, గంట మందిరం ఆస్తి, దించి వెళ్లమని కమిటీ చెప్పింది అన్నాడు. అయ్యగారు మెడ వంచారు. పంతొమ్మిదేళ్లు గంట ఆనిన చోట వెంట్రుకలు లేవు, తోలు తెల్లగా ఉంది. ఆ తెలుపు చూసి లేయమ్మ మొహం తిప్పుకుంది. మిగతావాళ్లు మేస్తూనే ఉన్నారు. ఆ రోజు ఎవరూ మొదటి నోటి గడ్డి పక్కన పెట్టలేదు. ఎవరికని పెడతారు?

కొండ దిగేసరికి వాన పెరిగింది. సారమ్మగారు సగం దారిలో ఇక లేవలేదు. అయ్యగారు ఆవిడ మీదుగా అడ్డంగా నిలబడ్డారు, తన ఒంటినే కప్పుగా చేసి. మధ్యాహ్నం దాకా నిలబడ్డారు. ఆ తర్వాత నిలబడాల్సిన అవసరం లేకపోయింది.

కొత్త కాపరి వచ్చాడు. కొంగ, పేరు ఆనందమూర్తి. ఒంటికాలి మీద ప్రార్థన చేస్తాడు, గొంతు బాగుంటుంది, నెమరు వెయ్యడు. గంట ఆయన మెడకు బరువని దూలానికి వేలాడదీశారు, మోగించేవాళ్లు లేరు. పాకలో సెక్రటరీగారు ఆఫీసు పెట్టుకున్నారు. ఇక పొదలు కూడా అక్కర్లేదు, కోడిపిల్లల ఈకలు పట్టపగలే పాక గుమ్మంలో ఎగురుతున్నాయి.

బుల్లెమ్మకు చివరి పిల్ల పోయిన రోజు సంఘమంతా మడుగు దగ్గరికి పరుగెత్తింది. ఏడ్చారు, మొత్తుకున్నారు. సెక్రటరీని తీసెయ్యండి, కాపరిని మార్చండి అన్నారు. ఏనుగు నీళ్లలోంచి కదల్లేదు.

"ఎక్కడ జరిగింది?" అంది.

"మందిరంలోనే అయ్యా, మందిరం పాకలోనే."

"లోపలి సంగతిలోకి రానని ఆ రోజే చెప్పాను. మీరందరూ ఇక్కడే ఉన్నారు. ఎవరైనా కాదన్నారా?"

ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజూ మాట్లాడలేదు కదా, అలవాటైపోయింది.

లేయమ్మ మాత్రం వాళ్లతో కొండ ఎక్కలేదు. సమాజం పెద్దరికం అక్కడే వదిలేసి, దారిలో ఒక నోటి గడ్డి కోసుకుని, కిందికి దిగింది. జొన్న కళ్లంలో నూర్పిడి జరుగుతోంది. గుంజ చుట్టూ ఒక ముసలి ఎద్దు తిరుగుతోంది. కూలికి. మెడ మీద తెల్లటి తోలు చూసి గుర్తుపట్టింది. గింజ తినకుండా ఆసామి ఆయన మూతికి తాడుతో అల్లిన చిక్కం కట్టాడు. కంకుల్లో మోకాలిదాకా నడుస్తూ ఒక్క గింజ నోట పెట్టుకోవడానికి లేదు.

లేయమ్మ గడ్డి ముందు పెట్టింది. ఆయన వాసన చూశారు. తినలేకపోయారు.

"అయ్యగారూ, ఆ రోజు నేను చెప్పాల్సింది ఇంకొకటుంది."

"తెలుసమ్మా" అన్నారు చిక్కం లోపలినుంచి. "నువ్వు చెబుతావనే నేను ఊరుకున్నాను."

వింటున్నారా? తిట్టలేదు, శపించలేదు. నువ్వు చెబుతావనే ఊరుకున్నాను అన్నారు. లేయమ్మకు ఆ మాట చచ్చేదాకా సరిపోయింది.

ఆవిడ క్షమించమని అడగలేదు, ప్రార్థన చెయ్యమని కూడా అడగలేదు. ఆసామి కర్ర పట్టుకుని అరుగు మీదే ఉన్నాడు. అయినా ముందుకాళ్లు ఎత్తి అయ్యగారి భుజానికి ఆనించి, మెడ చాచి, చిక్కం తాడు పళ్ల మధ్య పట్టుకుని కొరకడం మొదలుపెట్టింది. మొదటి దెబ్బ నడుం మీద పడింది. కొరుకుతూనే ఉంది. రెండోది పడింది. తాడు తెగింది. చిక్కం కంకుల్లో పడింది, అయ్యగారు తల వంచి ఆ నోటి గడ్డి అందుకున్నారు.

ఆ తర్వాత ఏమైందంటారా? ఆసామి కొత్త చిక్కం కట్టాడు. మరునాడు లేయమ్మ కుంటుకుంటూ మళ్లీ వచ్చింది.

పిలిచేటప్పుడు మావాడని, పంపేటప్పుడు దేవుడివాడని చెప్పిన నోరు, మనవంతు వచ్చినప్పుడు మనకూ అదే చెబుతుంది. నీతి ఇంతే.

ఇక లేవండి, పొద్దెక్కుతోంది. నక్క మాటలు మర్చిపోయినా ఫరవాలేదు, ఏనుగు తీర్పూ మర్చిపోండి. ఆ మేక తాడు కొరికింది చూశారూ, వీపు మీద దెబ్బ పడుతుంటే, ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. మీ దారిలో చిక్కం కట్టిన మూతి ఎవరిదైనా కనపడుతుంది. ఆగి, మీరూ కొరకండి.